గోత్రం అడగడానికి డేటింగ్ యాప్ ఎందుకయ్యా?

ఇప్పుడే ఇంటికొచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా ఇది రాస్తున్నాను. రాయకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు.

డేటింగ్ యాప్‌లో పరిచయమైన మనిషిని కలవడానికి కొండాపూర్ వెళ్లాను. రెండు వారాల చాటింగ్. ప్రొఫైల్‌లో లద్దాఖ్‌లో బుల్లెట్ మీద ఫొటో, కింద 'నో లేబుల్స్, ఓన్లీ వైబ్స్' అని ఒక ముక్క. కాఫీ వచ్చేదాకా బాగానే ఉన్నాడు.

కాఫీ వచ్చాక మొదలైంది. "మీ ఇంటిపేరు ఎప్పుడూ వినలేదండీ, ఏ ఊరు?" తెనాలి అన్నాను. "టౌనేనా, పక్కన ఊరా?" పక్కన ఊరే. "ఊళ్లో ఎటువైపు?" ఊళ్లో ఎటువైపో ఎందుకు అడుగుతారో తెలుగువాళ్లకి నేను విడమర్చి చెప్పాలా? నోరు తెరిచి కులమేంటని అడిగితే లేబుల్ అయిపోతుంది కదా, అందుకని ఓటరు లిస్టు రాసేవాడిలా వీధి వీధీ తిరిగి ఇంటికొస్తారు. సరే, వచ్చాడు. కలిసింది. మొహం వెలిగిపోయింది. బల్ల కింద ఫోన్‌లో ఏదో టైప్ చేసి, "గోత్రం?" అన్నాడు. మమ్మీ అడుగుతోందట.

కాశ్యప అన్నాను. మళ్లీ టైప్ చేశాడు. తలెత్తి, "అయ్యో, మాదీ అదే. అన్నాచెల్లెళ్లం అవుతామండీ" అన్నాడు.

(గోత్రం తెలియదన్న వాళ్లకి పంతులుగారు కాశ్యప అనే చదివేస్తారు. ఆ లెక్కన రాష్ట్రంలో సగంమంది నాకు అన్నయ్యలే. సగోత్రం పెళ్లి చెల్లుతుందని 1946లోనే చట్టం చేశారు, స్వాతంత్ర్యం కంటే ముందే. వీళ్ల మమ్మీకి ఇంకా చేరినట్టు లేదు.)

ఒరే బాబూ, ఇవన్నీ అడగడానికి మ్యాట్రిమొనీ సైట్లున్నాయి కదా! భారత్ మ్యాట్రిమొనీ ఎన్నేళ్ల నుంచో ఉంది. అలాంటి సైట్లలో కులం, గోత్రం, నక్షత్రం, పాదం, దేని గడి దానికుంది. అక్కడ నింపుకుంటే నీ కాఫీ, నా ఆటో డబ్బులు మిగిలేవి. మా ఊరి పెళ్లిళ్ల పేరయ్య నయం, గోత్రం ఒకటైతే గుమ్మమే ఎక్కడు.

"అందుకే పెద్దవాళ్లు చూసిన సంబంధమే మేలు" అని కామెంట్ పెట్టబోతున్న అత్తయ్యలూ, బాబాయిలూ, కాస్త ఆగండి. మీ సంగతీ ఉంది నా దగ్గర.

2016. మా ఇంట్లో పెళ్లిచూపులు. ఏడుగురొచ్చారు. "కట్నం మాట మేం ఎత్తం, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అన్నారు. కట్నం 1961 నుంచి నేరం కదా, చట్టమంటే భయభక్తులున్న మనుషులు మరి. అబ్బాయి అక్క నన్ను పక్కన నిలబెట్టుకుని, "హీల్స్ లేవుగా?" అని కిందికి వంగి చూసి మరీ ఎత్తు కొలిచింది. అరటికాయ బజ్జీలు రెండో వాయి కూడా ఖాళీ. "ఇంటికెళ్లి ఫోన్ చేస్తాం" అన్నారు.

చేయలేదు. నాన్న నెలరోజులు ఫోన్‌ని కిటికీలో పెట్టి, సిగ్నల్ అక్కడే వచ్చేది, పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదివేవారు. స్నానానికి వెళ్తే అమ్మని కూర్చోబెట్టి వెళ్లేవారు. 'వద్దు' అని రెండక్షరాలు చెప్పడానికి ఏడుగురిలో ఒక్కరికీ నోరు రాలేదు. ఆ సంబంధం తెచ్చిన పెదనాన్న ఇప్పటికీ ఏ పెళ్లిలో కనిపించినా "పప్పన్నం ఎప్పుడమ్మా?" అంటారు. ముందు ఆ ఏడుగురినీ ఫోన్ చేయమనండి పెదనాన్నా!

ఏం చెబుతున్నాను... ఆ, అన్నయ్య. బిల్లు నేనిస్తానంటే "ఛ ఛ, నేనున్నాగా" అని తనే కట్టాడు. ఆ ఒక్క మంచి మాటా రాసి పోస్ట్ ముగిద్దామనుకున్నాను. ఇంతలో ఫోన్ టింగుమంది. క్యూఆర్ కోడ్ ఫొటో, కింద ఒక లైను: 'మీ కాఫీ 210, వీలు చూసుకుని వేసేయండి సిస్.'