అద్దంలో పూలజడ

మొన్న కనుమనాడు అత్తగారింట్లో తిన్న గారెలు అరిగాయి గానీ ఈ సంగతి ఇంకా అరగలేదు.

హాల్లో కొత్తగా ఓ పాత స్టూడియో ఫోటో వేలాడుతోంది. ఎప్పటిదో అన్నాడు తోడల్లుడు. అంతే, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడ్డాను.

తెర మీద గీసిన మేడమెట్లు, కుర్చీలో పెద్దాయన. ఒక్కరూ నవ్వట్లేదు. "డబ్బా కెమెరా ఉన్నవాళ్ళకైనా రీలుకి ఎనిమిదో పన్నెండో ఫోటోలే. అంత ఖరీదైన పనిలో నవ్వెలా వస్తుంది?" అన్నాను. మధ్యలో స్టూలెక్కి మూడేళ్ళ పాప. పట్టులంగా, వంకీలు, వెనక జడ కనబడేలా నిలువుటద్దం. జడ అల్లడానికి పూటంతా పడుతుంది కాబట్టి ఫోటో ముఖానికి కాదు, జడకే తీసేవారు. "జడలో మల్లెలు లేవు, చామంతులున్నాయి. అంటే వేసవి కాదు, సంక్రాంతి!" అందరూ తలాడించారు. నేను అక్కడితో కూర్చుని ఉండాల్సింది.

"ఆ మూతి విరుపు చూడండి. అన్నల చేతుల్లో పుస్తకాలు, పిల్ల చేతిలో ఉత్త పువ్వు. తనను బడికి పంపరని అప్పుడే తెలిసిపోయింది. పదమూడో ఏట పెళ్ళి చేసేసుంటారు. ఎక్కడుందో ఆ తల్లి!"

"ఇక్కడే ఉంది," అంది పడక్కుర్చీ. మామగారు. "బడికి పంపారు బాబూ. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను."

పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికీ పూలజడ వేసి ఫోటో తీయించడం నాకు తెలియనిదా? నా జడ ఫోటో మా అమ్మ బీరువాలో భద్రంగా ఉంది. తప్పంతా ఆ ఫోటోకి రంగులేసిన షాపువాడిది. మామగారి పెదాలకు గులాబీరంగు పూసింది వాడే. ఫోటో వెనక తాతగారు వరసగా పేర్లు రాసి పెడితే, వాటి మీద అట్ట అంటించి మేకులు కొట్టిందీ వాడే. "వెనకవైపు ఎవరు చూస్తారు సార్" అన్నాడట!

మా ఆవిడకి మొదటినుంచీ తెలుసు. మరి ఆపలేదేం అంటే, "బాగా చెబుతున్నారు కదా అని" అంది.

కారెక్కుతుంటే బావమరిది పరుగెత్తుకొచ్చాడు. అరిసెల డబ్బా తెచ్చాడేమో అనుకున్నా.

"బావా, ఆ పిల్ల పెళ్ళి ముక్క ఇంకొక్కసారి చెప్పవా? ఫోన్లో సరిగ్గా రికార్డవలేదు."