రెండో తూము తెరిస్తే చాలదండీ
ఊపిరితిత్తుల్లో శ్లేష్మం చిక్కబడి పేరుకుపోయే పుట్టుజబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో, కణంలోంచి క్లోరైడ్‌నీ దాని వెంట నీటినీ బయటికి వదిలే సీఎఫ్‌టీఆర్ అనే తూము పాడైనా ఫరవాలేదు, కణంలో కాల్షియం పెంచితే పక్క తూము తెరుచుకుంటుంది, ఇక మందు దొరికినట్టే అని రాశారు మీ వ్యాసంలో. అంత తేలికేం కాదండీ.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా అక్క మనవణ్ణి ముద్దు పెట్టుకుంటే పెదాలకి ఉప్పు తగిలేది. ఎండాకాలం వాడి చొక్కా కాలరు మీద తెల్లటి చారలు కట్టేవి. మూడేళ్లు ఉబ్బసం అనుకునే మందులు వాడారు. చివరికి చెమటలో క్లోరైడ్ పరీక్ష చేస్తే బయటపడింది. అప్పట్నుంచీ దీని గురించి ఏది దొరికితే అది చదువుతున్నా.

ఆ పక్క తూము టీఎంఈఎం16ఏ. 2008లో గుర్తించారు. ఏటీపీ, యూటీపీ అనే చిన్న అణువులు కణానికి బయట నుంచి తగిలితే లోపలి నిల్వలోంచి కాల్షియం గుప్పున వస్తుంది, తూము తెరుచుకుంటుంది. నిజమే, కానీ కాసేపే. మా లాకుల దగ్గర పడవ దాటేంతసేపు తలుపు తీసినట్టు. ఈ సూత్రం మీదే చేసిన డెనుఫోసాల్ అనే మందు మూడో దశ ప్రయోగాల్లో నిలబడలేదు. పైగా అదే కాల్షియం శ్లేష్మాన్నీ బయటికి తోయిస్తుంది, ఐఎల్-8 లాంటి వాపు సంకేతాల్నీ రేపుతుంది. గుర్రపుడెక్క తీయకుండా కాలవకి నీళ్లొదిలితే ఏమవుతుందో కోనసీమలో ఎవర్నడిగినా చెప్తారు.

అసలు తూమునే బాగుచేసే మందులు 2012 నుంచీ ఉన్నాయి, అదీ జన్యులోపం ఏ రకమో తేలితేనే. వాటి ధర మాట మీరు ఎత్తనేలేదు. మావాడికి ప్రస్తుతం ఉప్పునీటి నెబ్యులైజరు, పొద్దున్నా సాయంత్రం వీపు తట్టడం, అన్నంలో కాస్త ఎక్కువ ఉప్పు.