శవాల మీద పేలాలు: ఒక సమర్థన

శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్ళు అని మన పెద్దలు ఒక మాట అనేసి వెళ్ళిపోయారు. దానివల్ల ఒక గౌరవనీయమైన వర్గానికి ఎంత అన్యాయం జరిగిందో ఎవరూ పట్టించుకోలేదు. ఆ వర్గం తరఫున తెలుగులో నోరు విప్పే నాథుడు లేడు. చెన్నైలో ఆ విద్యలో తలపండిన ఒక పెద్దమనిషి పక్క ఫ్లాట్‌లో కాపురముంటున్న అర్హతతో ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

యుద్ధాల్లో పోయిన సైనికుల గోతులు తవ్వి తీసిన టోపీలు, బకిల్సు, బొత్తాలు, ఉంగరాలు, మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళలు కొని దాచుకోవడం ఆ విద్య. మిలిటేరియా, అంటే సైనిక వస్తువుల సేకరణ అనే పెద్ద హాబీలో ఇదొక శాఖ. ఆ హాబీలో ఉన్నవాళ్ళంతా గోతుల సరుకు ముట్టుకోరు. చాలామంది సైనికుల కుటుంబాలు అమ్ముకున్న పతకాలు, యూనిఫారాలు, పాత ఉత్తరాలతో సరిపెట్టుకుంటారు. అలాంటి సాదాసీదా జనంతో ఇక్కడ మనకు పని లేదు.

మా పక్క ఫ్లాట్ పెద్దమనిషిని అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ళమంతా మేజర్‌గారు అంటాం. ఆయన ఉద్యోగం చేసి రిటైరయింది బ్యాంకులో. తుపాకీని ఆయన దగ్గరగా చూశారంటే అది బ్యాంకు గేటు దగ్గర గార్డు చేతిలోదే. అయినా రెండో ప్రపంచ యుద్ధం గురించి ఆయన మాట్లాడుతుంటే, ఈయన్ని కనుక్కోకుండానే అంత యుద్ధం ఎలా నడిపారా అనిపిస్తుంది.

హాల్లో టీవీ పక్కన గాజు తలుపుల బీరువా, అరఅరకీ లైటు. పై అరలో ఇనప టోపీ. కణత దగ్గర చిటికెనవేలు దూరేంత చిల్లు, అంచులు లోపలికి వంగి ఉన్నాయి. లోపలి తోలు పట్టీ ముక్క ఇంకా ఊడిపోలేదు, ముదిరిన చింతపండులా నల్లబడి అతుక్కుని ఉంది. "చూశారా, ఎంట్రీ ఉంది, ఎగ్జిట్ లేదు" అంటారు మేజర్‌గారు కాఫీ అందిస్తూ. మరి గుండు ఎక్కడ ఆగిందండీ అని అడగడం మర్యాద కాదు. పనమ్మాయి మాత్రం ఆ అర తుడవనని మొదటిరోజే తెగేసి చెప్పింది. చదువుకోని మనిషి, చరిత్ర విలువ తెలీదు.

మేజర్‌గారు నిష్ఠాపరులు. ఎవరింట్లోనైనా చావు జరిగితే మైల తీరేదాకా ఆ గుమ్మం తొక్కరు. నిరుడు కింది ఫ్లాటాయన పోయినప్పుడు శ్మశానం నుంచి వచ్చి, సెల్లార్లో కార్లు కడిగే కుళాయి కింద తలస్నానం చేసి, తడిబట్టలతోనే లిఫ్టెక్కారు. పైకెళ్ళి తిన్నగా ఆ టోపీ పక్కనున్న సోఫాలో కూర్చున్నారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. సముద్రం దాటితే మనిషికి మైల అన్నారు మన పూర్వులు. దాటితే సరుకుకి మైల పోతుందని ఆయన సవరించారు. సరుకొచ్చేది లాట్వియా నుంచి.

రెండో అరలో బిళ్ళలు. జర్మన్ సైనికుడి బిళ్ళ కోలగా ఉంటుంది. మధ్యలో అడ్డంగా గాట్లు, గాట్లకి పైనా కిందా ఒకటే నంబరు. మనిషి పోతే గాట్ల దగ్గర విరిచి ఒక సగం శవంతో ఉంచుతారు, రెండో సగం ఆఫీసుకు పంపుతారు. ఆ రెండు సగాల మధ్య ఒక పేరు, ఒక ఊరు, కబురు కోసం చూసే ఒక కుటుంబం. గోతిలోంచి వచ్చిన బిళ్ళ విరక్కుండా ఉందంటే ఆ కబురు ఎవరూ మోసుకెళ్ళలేదని, ఆ మనిషి ఆచూకీ తెలియనివాళ్ళ జాబితాలోనే ఉండిపోయి ఉంటాడని అనుకోవాలి. మేజర్‌గారి పరిభాషలో దీన్ని టాప్ కండిషన్ అంటారు.

బ్రిటిష్ సైన్యం 1916 దాకా మనిషికి ఒక్క బిళ్ళే ఇచ్చేది. లెక్క రాసుకోడానికి అది తీసుకుపోతే శవానికి పేరు మిగిలేది కాదు. చివరికి ఆ ఏడాది రెండు బిళ్ళలు పెట్టారు. ఎర్రటి గుండ్రటిది ఆఫీసుకి, ఆకుపచ్చటి ఎనిమిది పలకలది శవంతోపాటు మట్టిలోకి. అంత పెద్ద సామ్రాజ్యానికి రెండేళ్ళ యుద్ధం, లక్షల చావులు చూస్తేగానీ తట్టని ఏర్పాటిది. దాన్ని ఒక మెటల్ డిటెక్టరు, ఒక పార పట్టుకుని ఒక్క పూటలో రద్దు చేసేయడం అల్లాటప్పా ప్రతిభ కాదు.

సోవియట్ సైనికులకైతే ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన చిన్న గొట్టం ఇచ్చేవారు, లోపల పేరూ ఊరూ రాసుకునే కాగితంతో. చాలామంది ఆ కాగితం నింపలేదు. నింపితే చస్తామని భయం. వీలునామా మాటెత్తగానే "శుభమా అని కూర్చుంటే ఇప్పుడా మాటలేమిటి" అనే ఇళ్ళలో పెరిగినవాళ్ళం, మనకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 1942 నవంబరులో ఆ గొట్టాలే ఎత్తేశారు. కాబట్టి రాత ఉన్న కాగితం దొరకడం అపురూపం. ఈ వ్యాపారంలో దేనికైనా పేరుంటే రేటెక్కువ. పేరు ఎవరికి చేరాలో వాళ్ళకి చేరకుండా ఉంటేనే ఆ రేటు నిలబడుతుంది, అది వేరే సంగతి.

"మేం తియ్యకపోతే మట్టిలో తుప్పుపట్టి పోతాయండీ, మేం చరిత్రని కాపాడుతున్నాం" అంటారు మేజర్‌గారు. ఇది కాదనలేని వాదన. అందుకే ఆయనకి సాయపడదామని ఒక ఉపాయం చెప్పాను. బెర్లిన్‌లో ఆ సైనికుల రికార్డులు ఇప్పటికీ ఉన్నాయి, జర్మన్ జాతీయ ఆర్కైవ్స్ వాటిని చూసుకుంటోంది. వోల్క్స్‌బుండ్ అని 1919లో పుట్టిన సంస్థ ఒకటి తూర్పు ఐరోపాలో ఏటా వేలమంది జర్మన్ సైనికుల అవశేషాలు వెలికితీసి, పేర్లు కనుక్కుని, మళ్ళీ ఖననం చేస్తోంది. బిళ్ళ మీది నంబరు ఒక ఈమెయిల్లో పెడితే సరి, స్టాంపు ఖర్చు కూడా లేదు. ఎక్కడ దొరికిందో రాస్తే ఇంకా మంచిది.

మేజర్‌గారు ఉలిక్కిపడ్డారు. "అమ్మో! వాళ్ళు వెనక్కి ఇమ్మంటారు కదండీ!"

చరిత్రని కాపాడటమంటే ముఖ్యంగా చరిత్రకారుల బారి నుంచి కాపాడటమని నాకు ఆ పూటే బోధపడింది.

ఇంకో సలహా కూడా ఇచ్చి చూశాను. మా ఇంటికి దగ్గర్లోనే, నందంబాక్కంలో, మౌంట్-పూనమల్లి రోడ్డు మీద మద్రాస్ వార్ సిమెట్రీ ఉంది. 1952లో ఏర్పాటయింది. దక్షిణాదిలో, తూర్పున అక్కడక్కడా చెదిరి ఉన్న రెండో యుద్ధం నాటి సమాధుల్ని ఒక్కచోటికి చేర్చారు. మొత్తం 856. వెనకవైపు స్మారకం మీద మొదటి యుద్ధంలో పోయిన మరో వెయ్యిమందికి పైగా పేర్లున్నాయి. గడ్డి నీటుగా కత్తిరించి ఉంటుంది, గేటు బయట ట్రాఫిక్కు హోరెత్తుతున్నా లోపల చల్లగా ఉంటుంది. "సార్, నడిచి వెళ్ళే దూరంలో 856 మందిని పెట్టుకుని లాట్వియా నుంచి తెప్పించుకోవడం దేనికి? షిప్పింగ్ కలిసొస్తుంది, కస్టమ్స్ వాళ్ళ టెన్షన్ ఉండదు" అన్నాను.

ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. "శివ శివ! అవేం మాటలండీ! అక్కడున్నది మనుషులు!"

ఈ ఒక్క వాక్యంలో శాస్త్రమంతా ఉంది. మన 1972 నాటి పురావస్తు చట్టం వందేళ్ళు నిండితేగానీ వస్తువుని పురావస్తువు అనదు. మేజర్‌గారి లెక్కలో అంతకాలం ఆగక్కర్లేదు, ఆరువేల పైచిలుకు కిలోమీటర్లు చాలు. దగ్గర్లో పాతిపెట్టినవాడు మనిషి, దూరంలో పాతిపెట్టినవాడు ఐటమ్.

చట్టాలు చేసేవాళ్ళకి ఇంత సూక్ష్మం తెలీదు. చనిపోయేనాటికి మనిషి దగ్గరున్న వస్తువుని కాజేస్తే మూడేళ్ళ దాకా జైలని 1860లోనే శిక్షాస్మృతిలో 404వ సెక్షన్‌గా రాశారు. కొత్త న్యాయసంహితలో అదే 315. శ్మశానంలోకి చొరబడి చచ్చినవాళ్ళని అవమానిస్తే దానికి ఇంకో సెక్షన్. 1949 జెనీవా ఒప్పందమైతే యుద్ధంలో పోయినవాళ్ళ ఒంటిమీది వస్తువులు దోపిడీ కాకుండా చూడాలని దేశాలకే బాధ్యత పెట్టింది. మేజర్‌గారిని ఇవేవీ తాకవు. ఆయన ఎప్పుడూ పార పట్టలేదు. తవ్వేది ఇంకెవరో, ఈయన కొంటారంతే. కొనేవాడే లేకపోతే తవ్వేవాడు ఎక్కణ్ణుంచి వస్తాడని అడిగేవాళ్ళకి ఎకనామిక్స్ తెలిసి ఉండొచ్చు, ఇంటికొచ్చి కాఫీ తాగిన మర్యాద మాత్రం తెలీదు.

ఈ రంగానికి ఘనమైన వంశవృక్షం కూడా ఉంది. 1815లో వాటర్లూ యుద్ధభూమిలో పడినవాళ్ళ పళ్ళు పీకి కట్టుడుపళ్ళు చేయించుకున్నారు, వాటికి వాటర్లూ పళ్ళనే పేరు. నెపోలియన్ నాటి యుద్ధాల్లో పోయినవాళ్ళ ఎముకలు ఓడల్లో తెచ్చి యార్క్‌షైర్‌లో పొడిచేసి పొలాలకు ఎరువుగా వేస్తున్నారని 1822లో లండన్ పత్రికలు రాశాయి. 1944లో ఒక అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు జపాన్ సైనికుడి చేతి ఎముకతో చేసిన కాగితాల కత్తిని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి బహూకరించాడు. రూజ్‌వెల్ట్ దాన్ని వెనక్కిచ్చేశాడు. ఆయనకి అభిరుచి తక్కువ.

ఇక టోకు వర్తకులు వేరు. 1942లో జావా సముద్రంలో మునిగిన డచ్చి యుద్ధనౌకల్ని చూద్దామని 2016లో గజ ఈతగాళ్ళు దిగితే, రెండు ఓడలు మొత్తానికే లేవు, మూడోది చాలావరకు లేదు. అడుగున గుంటలు మాత్రం ఉన్నాయి. వందలమంది నావికుల సమాధుల్ని తుక్కు ఇనుము కింద తూకానికి ఎత్తుకుపోయారు. ఈ సంగతి ఎత్తితే మేజర్‌గారికి ఒళ్ళు మండుతుంది. "దొంగ వెధవలు! అందులో ఒక్క ముక్కయినా ఎవరైనా దాచారా?"

ఒకటి ఒప్పుకోవాలి, అన్నీ ఒక గాటన కట్టకూడదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డన్ మద్రాసు మీద గుళ్ళు కురిపించి రేవు పక్కన చమురు ట్యాంకులు తగలబెట్టింది. ఆ గుండు ముక్క ఒకటి సెయింట్ జార్జి కోట మ్యూజియంలో ఉంది. అది శత్రువు తనంతట తాను విసిరి వెళ్ళింది, ఎవరి మెడలోంచీ తెంపింది కాదు. అలాంటి ముక్క ఎవరి బీరువాలో ఉన్నా నాకేం పేచీ లేదు. మేజర్‌గారికి దానిమీద ఆసక్తి లేదు. అందులో మనిషి లేడు.

మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆయన రక్తం సలసల కాగుతుంది. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ పడిపోయాక ఆయన వేలి నుంచి తీసిందని చెప్పే ఉంగరం, దేవనాగరిలో రామ్ అని చెక్కి ఉన్నది, 2014లో లండన్ వేలంలో లక్షా నలభై అయిదు వేల పౌండ్లకు పోయింది. ఆ వారమంతా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మేజర్‌గారే. శవం వేలికున్న ఉంగరం ఊడబెరుక్కునే జాతికి నాగరికత ఏమిటని కడిగేశారు. అవి నేను చదివింది ఆయన హాల్లోనే, మూడో అర ముందు కూర్చుని. ఆ అరలో ఒక సన్నటి ఉంగరం ఉంది. లోపలివైపు రెండు పొడి అక్షరాలు, ఒక తేదీ. పెళ్ళి తేదీ అయ్యుంటుందని ఆయనే చెప్పారు, తేదీ ఉండబట్టి కాస్త ఎక్కువే పెట్టాల్సొచ్చిందని కూడా.

ఆలం బేగ్ కథ చెప్పినప్పుడైతే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. 1963లో ఇంగ్లండులో కెంట్ తీరాన ఒక పబ్బు చేతులు మారినప్పుడు వెనకగదిలో పుర్రె ఒకటి బయటపడింది. కంటిగుంటలో మడిచి పెట్టిన చీటీ. 46వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫంట్రీ హవల్దారు ఆలం బేగ్, 1857లో తిరుగుబాటు చేసినందుకు ఫిరంగికి కట్టి పేల్చేశారని రాసి ఉంది. కొత్త యజమానులు ఆ పుర్రెని ఇంట్లో ఉంచుకోలేక ఇబ్బంది పడ్డారట. మేజర్‌గారు కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్నాక, "అయినా వస్తువు పూర్వాపరాలకి రుజువు, ప్రావెనెన్స్ అంటే అదీ! చీటీతో సహా!" అన్నారు.

వాళ్ళావిడది పశ్చిమ గోదావరిలో మాధవరం. మిలటరీ మాధవరం అంటే అందరికీ తెలుసు, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. ఆమె చిన్నతాత ఒకాయన బర్మా వెళ్ళి రాలేదు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఒక స్మారకం ఉంది, సమాధి దొరకనివాళ్ళ పేర్లు దాదాపు ఇరవై ఏడు వేలు దానిమీద చెక్కారు. "ఆయన పేరూ ఆ రాళ్ళ మీద ఉందంటారు. ఎక్కడ పడ్డాడో తెలీదు, తిథి తెలీదు. మహాలయ అమావాస్య నాడు పంతులుగారికి స్వయంపాకం ఇచ్చేస్తాం" అంది ఆమె ఒకసారి, ఖాళీ గ్లాసులు తీస్తూ. "ఆయన బెల్టు కూడా ఎవరింట్లోనో ఇలా లైటు కింద వెలుగుతుందేమో."

మేజర్‌గారు వెంటనే కుర్చీలో ముందుకు జరిగారు. "బర్మా ఫ్రంటా? ఆ సరుకు బయటికి రావడమే కష్టం. వస్తే మటుకు వదలకూడదండీ."

ఈమధ్య ఆయనకి కలెక్షన్ మీద బెంగ పట్టుకుంది. కొడుకు డాలస్‌లో ఉంటాడు. తను పోయాక పిల్లలు బీరువా ఖాళీ చేసి పుదుపేటలో పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తారని భయం. అందుకని స్టాంపు పేపరు తెప్పించి వీలునామా రాసుకున్నారు. ఒక్క వస్తువు కూడా కదల్చరాదు, విడదీయరాదు, అమ్మరాదు, ఉన్నవి ఉన్నచోటే ఉంచవలెను. సాక్షి సంతకానికి నన్ను పిలిచారు. "పోయినవాడి వస్తువుల జోలికి వెళ్ళకూడదండీ, మహాపాపం" అన్నారు పెన్ను అందిస్తూ. ఇంతకాలం ఏ సూత్రం కోసం నేను వెతుకుతున్నానో అది ఆయన నోటంటే వచ్చింది. సంతకం పెట్టేశాను.

కాపీ ఫోటో తీసి అప్పుడే కొడుక్కి పంపారు. అక్కడ తెల్లారగానే వాయిస్ మెసేజ్ వచ్చింది, స్పీకర్ పెట్టి నాకూ వినిపించారు. "చూశాను నాన్నా, సరే, మీ ఇష్టం. ఎందుకైనా మంచిది, అన్నిటికీ ఒకసారి ఫోటోలు తీసి పెట్టండి. ముందూ వెనకా తియ్యండి, నంబర్లు క్లియర్‌గా పడాలి. ఇక్కడొకాయన లాట్ మొత్తం తీసుకుంటానంటున్నాడు."