గుర్రం సరే, చెంచాల సంగతో?

అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో పేరొందిన బోస్టన్ వెండి పనివాడు పాల్ రివీర్ మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించడానికి 1775 ఏప్రిల్ 18 రాత్రి ఆయన చేసిన గుర్రపు స్వారీకి, బ్రిటిష్ పాలనను ఎదిరించిన ‘సన్స్ ఆఫ్ లిబర్టీ’ సంఘం కోసం 1768లో చేసిన వెండి గిన్నెకే చోటంతా సరిపోయింది. ఆయన దుకాణానికి రోజువారీ బేరం చెంచాలు, బకిల్స్ లాంటి చిన్న సరుకే కదా! 1761 నుంచి రాసిన ఆ దుకాణం పద్దు పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి.

చెంచా అంటే తేలిక పని అనుకుంటాం. వెండి కరిగించి కడ్డీ పోసి, దాన్ని దాగలి మీద పెట్టి సుత్తితో సాగగొట్టాలి. దెబ్బలకు వెండి బిరుసెక్కుతుంది. కొలిమిలో కాచి మెత్తబరచకుండా ఇంకా కొడితే చీలుతుంది. కాడ సాగదీశాక గుంట దించాలి, ఆపైన ఆకురాయి, మెరుగు. అదంతా ఆయనొక్కడే చేశాడనుకోవద్దు, దుకాణంలో పని నేర్చుకునే కుర్రాళ్లూ ఉండేవాళ్లు.

అప్పట్లో బోస్టన్‌లో బ్యాంకులు లేవు. చేతిలో ఉన్న వెండి నాణేలు కరిగించి చెంచాలు చేయించుకునేవారు, అవసరమైతే మళ్లీ కరిగించుకోవచ్చు. (మన ఇళ్లలో వెండి గ్లాసుల లెక్కే!) వాటి మీద యజమాని పేరు పొడి అక్షరాలు చెక్కించేది సోకు కోసమే కాదు, దొంగిలిస్తే గుర్తుపట్టడానికి కూడా. లండన్‌లోలా నాణ్యత పరీక్షించి ముద్ర వేసే కార్యాలయం అక్కడ లేదు కాబట్టి, వెనక కొట్టిన ‘రివీర్’ అన్న పేరే పూచీ.

బోస్టన్‌లో ఉన్న మనవాళ్లు ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి వెళ్తే గిన్నెతో ఫొటో దిగి వచ్చేయకండి, చెంచాలు కనిపిస్తే కాస్త ఆగి చూడండి.