చిన్న ప్లేటు గారికి ఒక పెద్ద విన్నపం

మహారాజశ్రీ చిన్న ప్లేటు గారి దివ్యసముఖమునకు,

డాలస్ శివార్లలో కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబీకుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. మెనూలో మీ పక్కన ఉన్న అంకె చూస్తే మీరు చాలా బాగున్నారని తెలుస్తూనే ఉంది.

మీ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసు కాబట్టే ఈ చనువు. మీరు స్పెయిన్ వారు, అక్కడ మీ పేరు టపాస్. బార్ కౌంటర్ మీద, వైన్ గ్లాసు పక్కన పెరిగారు. గ్లాసులో ఈగ పడకుండా మిమ్మల్ని మూతగా పెట్టారని ఒక కథ, జబ్బుపడ్డ రాజుగారిని వైద్యుడు కొద్దికొద్దిగా తినమన్నాడని ఇంకో కథ. ఏది నిజమో గానీ, ఏ కథలోనూ 14 డాలర్లు లేవు. గ్రనాడాలో ఇప్పటికీ బీరు చెబితే దాని వెంట మీరు ఊరికే వస్తారు. రెండో బీరు చెబితే మళ్లీ వస్తారు, చాలాచోట్ల వేరే రకంగా. ఉత్తరాన శాన్ సెబాస్టియన్ వైపు మీ దాయాదులు పించోలున్నారు. వాటికి గుచ్చిన పుల్లలు లెక్కపెట్టి డబ్బు తీసుకునే బార్లు ఉన్నాయి. తిన్నవాడు పుల్ల జేబులో వేసుకోడని వాళ్ల నమ్మకం.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అక్కడ మీకోసం ఎవరూ పనిగట్టుకుని కూర్చోరు. నిలబడి ఒక ముక్క నోట్లో వేసుకుని, నాలుగు మాటలాడి, పక్క బారుకు నడుస్తారు. అసలు భోజనం రాత్రి తొమ్మిది దాటాక వేరే ఉంటుంది. మీరు దానికి ముందు జరిగే కాలక్షేపం. అట్లాంటిక్ దాటి వచ్చాక ఆ అసలు భోజనాన్ని మీరేం చేశారని నా మొదటి ప్రశ్న. 1985లో షికాగోలో కఫే బాబారీబా తెరిచారు, 1993లో వాషింగ్టన్‌లో హోసే ఆండ్రెస్ వంటతో హలేయో అనే టపాస్ హోటల్ వచ్చింది. స్పెయిన్ పేరు చెప్పుకుని స్పెయిన్ తిండి పెట్టిన ఆ తరంతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా మా ఇంటికి పావుగంట దూరంలో, పచారీ కొట్టుకూ పళ్ల డాక్టరుకూ మధ్య వెలసిన 'లాటిన్ ఇన్‌స్పైర్డ్ టపాస్' తోనే. పేరు చెప్పను. మీకు తెలుసు.

ముందు ఆ బిరుదు సంగతి చూద్దాం. పెరూ సెవిచే (నిమ్మరసంలో నానిన పచ్చి చేప), క్యూబా రోపా వియెహా (పీచుగా విడదీసిన గొడ్డు మాంసం కూర), అర్జెంటీనా ఎంపనాదా (కూర పెట్టిన కజ్జికాయ లాంటిది), మాడ్రిడ్ ఆలుగడ్డలు అన్నీ ఒకే అట్ట మీద. అరేపా అనే మొక్కజొన్న రొట్టె మాదంటే మాదని వెనెజులా, కొలంబియా వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. సెవిచే సంప్రదాయాన్ని 2023లో యునెస్కో పెరూ పేరు మీద గుర్తించింది. ఇంత పట్టుదల ఉన్న వంటలు మీ దగ్గరకు వచ్చేసరికి కిమ్మనకుండా ఒకే సాసు కింద సర్దుకుంటాయి. ఆ సాసు ఎప్పుడూ కొత్తిమీర ఐయోలీనే, అంటే వెల్లుల్లి మయొనీజు. 'ఇన్‌స్పైర్డ్' అని ముందే రాసుకున్నారు కాబట్టి ఏ దేశం వాడూ వచ్చి మిమ్మల్ని నిలదీయలేడు. (ఈ విషయంలో మరీ గట్టిగా మాట్లాడే మొహం మాకూ లేదనుకోండి. అదే వీధిలో మావాళ్లు గోంగూర పన్నీర్ పిజ్జా అమ్ముతున్నారు.)

కూర్చోగానే సర్వర్ అమ్మాయి వచ్చి, ఇంతకు ముందు ఇక్కడికి వచ్చారా, మా కాన్సెప్టు తెలుసా అని అడుగుతుంది. తినడానికి వచ్చాం అంటే కుదరదు. మనిషికి రెండు మూడు ప్లేట్లు చెప్పుకోవాలి, అందరూ పంచుకోవాలి, ఏది ముందు తయారైతే అది వస్తుంది. ఈ మూడోది కాన్సెప్టు కాదు, అందరి తిండీ ఒకేసారి వండి తెచ్చే బాధ నుంచి వంటగదికి దొరికిన సెలవు. మొదట ఆలుగడ్డలు ఒక్కటే వచ్చాయి. తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత అయిదు ప్లేట్లు ఒక్కసారిగా దిగాయి. టేబుల్ మీద చోటు లేక మా ఆవిడ ఒక ప్లేటు ఒళ్లో పెట్టుకుంది. మీరు చిన్నవారే, కానీ మీ టేబుల్ మీకంటే చిన్నది.

పచ్చిమిర్చి ప్లేటు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నూనెలో పొక్కులొచ్చేదాకా వేయించి పైన రాళ్ల ఉప్పు చల్లిన షిషితో మిరపకాయలు, 12 డాలర్లు. షిషితో జపాన్ కాయ. లాటిన్ హోటల్లో దానికేం పని అంటే, అసలు అక్కడ ఉండాల్సింది స్పెయిన్‌లోని గలీసియాలో పండే పద్రోన్ కాయ. దాని బదులు అమెరికాలో చాలాచోట్ల షిషితోతో కానిచ్చేస్తారు. రెండింటి స్వభావమూ ఒకటే. చాలా కాయలు చప్పగా ఉంటాయి, ఎక్కడో ఒకటి మాత్రం నాలుక కాలుస్తుంది. అది ఎవరి వాటాకి వస్తుందా అన్నదే అక్కడి వినోదం. గుంటూరు జిల్లా నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా మామగారికి ఈ వినోదాన్ని వివరించడానికి నేను పడ్డ అవస్థ మీరు కళ్లారా చూశారు. ఆయన ఒక్కో కాయా నమిలి, "ఇదీ కాదండీ" అంటూ తొడిమలు వరసగా పేర్చారు. ప్లేటు ఖాళీ అయింది. మండే కాయ ఆ రాత్రి వేరే టేబుల్‌కి వెళ్లినట్టుంది.

నిజానికి ఆ రెండు కాయలూ మా గుంటూరు మిరపకు రక్తసంబంధీకులే. మిరప పుట్టిల్లు అమెరికా ఖండమే కదా. ఒక కొమ్మ ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చేతుల్లో గలీసియా చేరి ఎర్బోన్ మఠంలో పెరిగిందంటారు. ఒక కొమ్మ పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి మా దేశం వచ్చింది. మఠంలో పెరిగినది శాంతమూర్తి అయింది. గుంటూరు వచ్చినది మాలాగే తయారైంది. అయిదు వందల ఏళ్లు ప్రపంచమంతా తిరిగి, మళ్లీ పుట్టింటికి చేరి, ఉప్పు చల్లించుకుని 12 డాలర్లకు కూర్చోవడం ఆ వంశానికి ఏమంత గౌరవం?

యుకా ఫ్రైస్ అన్నది కర్రపెండలమే. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు లారీల్లో వెళ్లే దుంప, మీ దగ్గర తొమ్మిది పుల్లలుగా మారి చిన్న ఇనప బుట్టలో నిలబడుతుంది. తోస్తోనెస్ పచ్చి అరటికాయ, ఒకసారి వేయించి, అణిచి, మళ్లీ వేయిస్తారు. చాలా బాగుంది, ఒప్పుకుంటాను. అవి వచ్చిన సంగతి టేబుల్ అవతలి చివరన కూర్చున్నవాళ్లకు తెలిసేలోపే అయిపోయాయి.

మీ అసలు ప్రతిభ మాత్రం లెక్కల్లో ఉంది. మేం నలుగురం వస్తే క్రోకెట్లు, అంటే వేయించిన చిన్న ఉండలు, మూడు. ముగ్గురం వస్తే ఎంపనాదాలు రెండు. ఆరుగురం వస్తే సెవిచే మీద పెట్టే చిప్స్ అయిదు. ఎంతమంది వస్తే అందులోంచి ఒకటి తీసేయమని వంటగదిలో ఎవరైనా రాసి అంటించారా? 14 డాలర్లకు మూడంటే ఒక్కో క్రోకెట్ 4 డాలర్ల 67 సెంట్లు. రెండు తినేశాక మూడోది ప్లేటు మధ్యలో ఉంటుంది, నలుగురూ దాన్ని చూడనట్టు మాట్లాడుకుంటారు. "తీసుకోండి అన్నయ్యగారూ." "అబ్బే, నేను తిన్నాను." "వదినగారూ, మీరసలు ఏమీ ముట్టుకోలేదు." వదినగారు శాకాహారి, అందులో పంది మాంసం తునకలున్నాయి. స్పెయిన్ వాళ్లు కూడా ఆ ఆఖరి ముక్కను సిగ్గు ముక్కగానే లెక్కేస్తారని చదివాను, కాబట్టి ఈ జబ్బు మాదొక్కరిదే కాదు. కానీ స్పెయిన్‌లో ఆ సిగ్గు తీరేదాకా ఎవరో ఒకరు కబుర్లు చెబుతూ నిలబడతారు. ఇక్కడ సర్వర్ అమ్మాయి మెరుపులా వచ్చి, అయిపోయిందా అంటూ ప్లేటు ఎత్తేస్తుంది. మా మర్యాద ఖరీదు 4 డాలర్ల 67 సెంట్లు, చెత్తబుట్ట పాలు.

పంచుకోవడం అనగానే మీకు ఆత్మీయత గుర్తొస్తుంది. మా అత్తగారికి ఎంగిలి గుర్తొస్తుంది. ప్లేటు ఒకటి, ఫోర్కులు ఆరు, వడ్డించుకునే గరిటె లేదు. ఎవరి ఫోర్కు నోట్లోకి వెళ్లి మళ్లీ ఆలుగడ్డల్లోకి దిగిందో ఆవిడ చీకట్లో కూడా పసిగట్టగలరు. ఆ చీకటి గురించి వేరే ఉత్తరం రాయాలి. మెనూ చదవడానికి ఫోన్ టార్చి వెలిగించిన ప్రతివాడూ, పక్కవాడి ప్లేటులో ఏముందో కూడా చూసుకుంటాడు. అత్తగారు ఆ రాత్రి తిన్నదల్లా ఎవరూ చెయ్యి పెట్టకముందు తన వైపు అంచు నుంచి తీసుకున్న రెండు ఆలుగడ్డ ముక్కలు. పచ్చి చేప నిమ్మరసంలోనే ఉడుకుతుందని నేను చెప్పినప్పుడు ఆవిడ చూసిన చూపుకి సెవిచే నిజంగానే ఉడికి ఉండాలి.

ఇక వెల్లుల్లి రొయ్యల దగ్గరకు వస్తాను. గాంబాస్ అల్ అహీయో. మట్టి మూకుడులో ఆలివ్ నూనె బుసబుసలాడుతూ వచ్చింది. అందులో వెల్లుల్లి రెక్కలు సన్నగా తరిగి, ఎండుమిరప తునక వేసి, అయిదు రొయ్యలు. ఈ ఒక్క వంటకానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. రొయ్యలు ఒక్క గుక్కలో అయిపోయాయి, అది మామూలే. కానీ ఆ వంటకం ప్రాణం రొయ్యల్లో లేదు, అడుగున మిగిలిన నూనెలో ఉంది. ఎర్రగా, వెల్లుల్లి వాసనతో, రొయ్య తలల సారం దిగిన నూనె. దాన్ని ఊడ్చుకోవడానికి మీరిచ్చిన రొట్టె ముక్కలు రెండు, అదీ చిటికెన వేలంత మందాన. ఇంకో రొట్టె అడిగితే 5 డాలర్లు అదనం. విస్తట్లో చారు జారిపోకుండా అన్నంతో గట్టుకట్టే జాతి ముందు అంత నూనె పెట్టి, రొట్టె దగ్గర బేరమాడతారా? మామగారు చుట్టూ చూసి, మూకుడు తన వైపు లాక్కుని, వేలితో పని కానిచ్చారు. ఆ హోటల్లో ఆ రాత్రి ఆ వంటకాన్ని సరిగ్గా తిన్నది ఆయనొక్కరే.

మామగారి మొదటి ఫిర్యాదు కూడా మీకు విన్నవించాలి. ఆయన టెక్సస్‌లో దిగిన వారం నుంచి టెక్స్‌మెక్స్ హోటళ్లకు, అంటే టెక్సస్ పద్ధతి మెక్సికన్ వంట పెట్టే చోట్లకు, అలవాటు పడ్డారు. అక్కడ కూర్చోగానే, ఆర్డర్ చెప్పకముందే, బుట్ట నిండా చిప్స్, గిన్నెలో సాల్సా పెడతారు. అయిపోతే అడక్కుండానే మళ్లీ నింపుతారు. అమెరికాలో మారు వడ్డన ఉందని ఆయన ఊళ్లో అందరికీ ఫోన్ చేసి చెప్పారు. మీ దగ్గర చిప్స్, సాల్సా 9 డాలర్లు. బుట్ట ఒక్కసారే వస్తుంది. టెక్సస్‌లో చిప్స్‌కు డబ్బు తీసుకోవడం ఎంత సాహసమో మీకు తెలియకపోవచ్చు. ఈ రాష్ట్రంలో మనుషులు ఇంతకంటే చిన్న విషయాలకే హోటళ్లు మారుస్తారు.

బిల్లు గురించి క్లుప్తంగా. సర్వర్ అమ్మాయి మీద నాకు కోపం లేదు. టిప్పు మీద బతికే ఉద్యోగికి టెక్సస్‌లో యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు జీతం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు, 1991 నుంచి ఈ అంకె కదలలేదు. మిగతాది మా చేత ఇప్పించాలని చట్టమే ఏర్పాటు చేసింది. ఇస్తున్నాం. కానీ కార్డు గీకే తెరమీద టిప్పుకు 20, 22, 25 శాతాలు చూపించి, ఆ పిల్లను ఎదురుగా నిలబెట్టి, మేం ఏది నొక్కుతామో చూడటం అన్యాయం. తర్వాత ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో అందరికీ సమానంగా పంచారు. నాలుగు చప్పటి మిరపకాయలు తిన్న వదినగారూ, మూడు మొహీతోలు తాగిన మా కొలీగూ ఒకే మొత్తం కట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండదు కదా.

ఇంటికి వెళ్లకుండా డౌన్‌టౌన్ పక్కనున్న ఫ్యూయెల్ సిటీ దాకా వెళ్లి ఆగాం. పెట్రోల్ బంకే. కిటికీలోంచి టాకోలు ఇస్తారు. మొక్కజొన్న రొట్టె, పైన ఉల్లి, కొత్తిమీర, పక్కన నిమ్మచెక్క. ఎవరి టాకో వాళ్లదే, ఎంగిలి గొడవ లేదు, కాన్సెప్టు ఎవరూ అడగలేదు. కారు బానెట్ మీద పెట్టుకుని నిలబడి తిన్నాం. మీ స్పెయిన్ పద్ధతికి ఆ రాత్రి మేం అందరికంటే దగ్గరగా వచ్చింది అక్కడే అనిపించింది.

ఇంత రాసి మళ్లీ రానని చెప్పే ధైర్యం నాకు లేదు. వచ్చే శనివారం మా ఆవిడ పుట్టినరోజు. ఎక్కడికి వెళ్దాం అంటే ఆలోచించకుండా మీ పేరే చెప్పింది. ఆ రొయ్యలు ఆవిడ మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. ఏడున్నరకు ఆరుగురికి బుక్ చేశాను. దయచేసి క్రోకెట్లు ఆరు వచ్చేలా చూడండి, లేదా మూడే ఉంచి కత్తి ఇవ్వండి. వడ్డించుకోవడానికి ఒక గరిటె. రొయ్యల మూకుడుకి రొట్టె కాస్త ధారాళంగా. పంచుకోమని మాకు చెప్పే ముందు, వంటగదికి కూడా ఆ మాట ఒకసారి చెప్పి చూడండి.

ఇట్లు,
తమ విధేయుడు,
కిటికీ పక్క టేబుల్ వాడు

తా.క.: మామగారు ఈసారి జేబులో ఊరమిరపకాయలు వేయించి తెచ్చుకుంటానంటున్నారు. ఆ షిషితోల పక్కన పెట్టుకుంటారట. చూసీ చూడనట్టు పోగలరు.