పేరు మార్చుకునే ముందు మమ్మల్ని అడగాలి

ఆటగాళ్లకు అభిమానులంటే మరీ అలుసైపోయింది. మ్యాచ్ ఓడితే ఓర్చుకున్నాం. సున్నాకి అవుటైతే నేరం పిచ్ మీదికి తోసి కాపాడుకున్నాం. అంత చేసిన మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా, మేం గొంతు పోయేలా అరిచిన పేరును కోర్టులో కాగితం పెట్టి మార్చేసుకుంటుంటే ఎన్నాళ్లని ఊరుకోవాలి? అందుకే కడప అభిమానుల తరఫున ఈ విన్నపం. తరఫున అన్నానే గానీ నన్నెవరూ పంపలేదు. అభిమానికి ఒకరు పంపాల్సిన పనేముంది, వాడే బయల్దేరతాడు.

ముందు డబ్బు సంగతి. జెర్సీ మీద పేరు వేసే అంగట్లో అక్షరానికింత అని లెక్క. షీట్‌లోంచి అక్షరాలు కోసి, వీపు మీద వరసగా పేర్చి, పైన కాగితం పరిచి వేడి ప్రెస్ కింద నొక్కుతారు. ఒకసారి అంటుకున్నాక పీకడం ఎవరి తరమూ కాదు. గోరుతో గీకితే అక్షరం ఊడొస్తుంది గానీ దాని జిగురు జాడ గుడ్డ మీదే ఉండిపోతుంది. దుమ్ము పట్టేకొద్దీ అదింకా స్పష్టంగా కనబడుతుంది. అంటే పాత ఆటగాడు వీపు దిగడు, కొత్త ఆటగాడికి చోటుండదు.

ఈ బాధ ఆటగాళ్లకు పడుతుందా? 1971లో అమెరికా బాస్కెట్‌బాల్‌లో మిల్వాకీ బక్స్ జట్టు ఛాంపియన్ అయింది. ఊరంతా సంబరాల్లో ఉండగా, ఏడడుగుల పైచిలుకు ఎత్తున్న వాళ్ల లూ ఆల్సిండర్ ఇకనుంచి కరీం అబ్దుల్ జబ్బార్‌నన్నాడు. ఇంగ్లిషులో ఇంటిపేరు ఎనిమిది అక్షరాలుండేది పదకొండయింది, మధ్యలో గీత వేరే. ఆ గీతకు డబ్బులెవరిస్తారు? ఆ లెక్కన పాకిస్తాన్ బ్యాట్స్‌మన్ యూసుఫ్ యుహానా నయం. 2005లో ఇస్లాం పుచ్చుకుని మహమ్మద్ యూసుఫ్ అయినప్పుడు, ఇంగ్లిషు స్పెల్లింగులో ఇంటిపేరు మొదటి మూడక్షరాలూ అలాగే మిగిల్చాడు. ఆ జెర్సీ మన ఊళ్లో ఎవడూ తొడుక్కోడనుకోండి, అయినా లెక్క లెక్కే.

డబ్బు విలువ తెలిసింది ఒక్క కంపెనీలకే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో చాడ్ జాన్సన్ అని ఒకాయన, జెర్సీ నంబరు 85. 2008లో ఆ నంబరునే స్పానిష్‌లో విడివిడిగా పలికి ఓచోసింకో అని ఇంటిపేరు పెట్టుకున్నాడు. కోర్టు సరేనంది. జెర్సీలు కుట్టించిన కంపెనీ మాత్రం, జాన్సన్ పేరుతో గోడౌన్‌లో పడి ఉన్న సరుకు సంగతి ముందు తేల్చమందని అప్పట్లో వార్త. ఆ సీజన్ మొత్తం ఆయన వీపు మీద పాత పేరుతోనే ఆడాడు. 2012లో మళ్లీ జాన్సన్ అయిపోయాడు. దీన్నిబట్టి తెలిసేదేమంటే, పేరు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చట్టంలో లేదు, గోడౌన్‌లో ఉంది.

ఇక అసలు దెబ్బ. 1964లో బాక్సింగ్‌లో లిస్టన్‌ను కొట్టి ఛాంపియన్ అయిన కాసియస్ క్లే, అది బానిస పేరు, నాకొద్దు, నేను మహమ్మద్ అలీని అన్నాడు. పెద్ద పెద్ద పత్రికలు ఏళ్ల తరబడి క్లే అనే రాశాయి. పాపం, వాళ్లకు అలవాటైంది. అభిమానుల అలవాటు కోసం ప్రాణాలొడ్డిన మహానుభావుడు ఎర్నీ టెరెల్ అనే బాక్సర్. ఆయన కూడా క్లే అనే పిలుస్తానన్నాడు. 1967లో హ్యూస్టన్‌లో అలీ ఆయన్ని పదిహేను రౌండ్లు నిలబెట్టి, గుద్దు గుద్దుకీ నా పేరేంటని అడిగాడు. ఒక్క పేరు నేర్పడానికి అంత ఓపిక పట్టిన పంతులు మా జిల్లాలో కూడా లేడు.

మతం గురించి కాదు మా గొడవ, పేరు గురించే. ఈ మాట అభిమానులంతా ముక్తకంఠంతో చెబుతారు. మొన్న టీ అంగడి దగ్గర ఒకాయన యూసుఫ్ మీద ఇప్పటికీ రగిలిపోతున్నాడు.

"పుట్టినప్పుడు పెట్టిన పేరు మార్చుకోవడం ఏంది సామీ? పేరు చూస్తే వాడెవడో తెలియాల్నా, వద్దా?"

"తెలియాల్సిందే దస్తగిరన్నా" అన్నాడు పక్కనున్న కుర్రాడు.

దస్తగిరన్న పూర్తి పేరు దస్తగిరి రెడ్డి. నుదుట అడ్డబొట్టు, మెడలో తులసిమాల. వాళ్లమ్మ మస్తానమ్మ. కడప జిల్లాలో దర్గాకు మొక్కుకుని పిల్లలకు పెట్టిన పేర్లు ఇంటింటా ఉన్నాయి. అనంతపురం వైపు వెళ్తే గూగూడు కుళ్లాయిస్వామి పేరు మీద కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు. ఉగాది పొద్దున దేవుని కడప గుడి మెట్ల దగ్గర బుర్ఖాలు బారులు తీరుతాయి. ఇలాంటి చోట పేరు చూసి మతం చెబుదామని కూర్చుంటే జనాభా లెక్కలు ఈ జన్మకు పూర్తి కావు. అయినా యూసుఫ్ విషయంలో మాత్రం మాకు కచ్చితంగా తెలియాలి.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. పేరు మార్చిన మరుసటి ఏడాది, 2006లో, యూసుఫ్ టెస్టుల్లో 1788 పరుగులు చేశాడు. తొమ్మిది సెంచరీలు. 1976లో వెస్టిండీస్ వివ్ రిచర్డ్స్ ఒక్క ఏడాదిలో కొట్టిన 1710 పరుగుల రికార్డు పోయింది. ఇదే ఒక న్యూమరాలజీ సిద్ధాంతి సలహా మీద జరిగుంటే, ఆ సిద్ధాంతి గుమ్మం ముందు క్యూ కోటిరెడ్డి సర్కిల్ దాకా ఉండేది. అదృష్టం కోసం మార్చుకుంటే మేము తప్పు పట్టం. మన కోనేరు హంపి పేరునే చూడండి. రష్యన్ పేరులా ఉండాలని వాళ్ల నాన్నగారు ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం మార్చారు. ఎవరైనా ధర్నా చేశారా? పైగా చదరంగానికి జెర్సీ ఖర్చు కూడా లేదు.

అలాగే యజమానులు మార్చినా మాకు అభ్యంతరం లేదు. కింగ్స్ ఎలెవన్ పంజాబ్ 2021లో పంజాబ్ కింగ్స్ అయితే, ముందున్న కింగ్స్ వెనక్కెందుకు వెళ్లారని అడగలేదు. బెంగళూరు జట్టు 2024లో స్పెల్లింగు మారిస్తే కొత్త జెర్సీ కొన్నాం. స్టేడియాలకు పేర్లు మారిస్తే టికెట్టు మీద ఏముందో చూసుకుని లోపలికి పోయాం. అసలు మా జిల్లా పేరు 2010లో ఒకసారి, 2025లో ఇంకోసారి మారింది. ఇంగ్లిషులో ఊరి స్పెల్లింగు అంతకు ముందే మారింది. బస్టాండులో కండక్టరు ఈ మార్పులన్నిటినీ గౌరవిస్తూనే "కడప, కడప, కడప" అని అరుస్తున్నాడు. బండల వ్యాపారి విదేశాలకు పంపే నల్లబండ మీద ఇంకా బ్రిటిష్ వాళ్ల స్పెల్లింగే. ఎవరికీ టెన్షన్ లేదు. ఎవరైనా సొంతంగా, తనకు తానే, నాకు నచ్చిందని మార్చుకున్నప్పుడే మాకు బీపీ పెరుగుతుంది.

కాబట్టి పేరు మార్పుకు అభిమానుల నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలి. పాత పేరు అభిమానుల ఉమ్మడి ఆస్తి అని అందులో రాయించుకోవాలనుకున్నాం గానీ, అమెరికాలో కరీం మనకంటే ముందే కోర్టుకెక్కాడు. జనరల్ మోటార్స్ ఒక కారు ప్రకటనలో ఆల్సిండర్ పేరు వాడితే, వాడటం మానేసినంత మాత్రాన అది ఊరుమ్మడి కాదని 1996లో అప్పీలు కోర్టు తేల్చింది. పెట్టుకున్నదీ ఆయనదే, వదిలేసిందీ ఆయనదేనట. మరి మాకేం మిగిలినట్టు?

ట్రాఫిక్ చలానాలు బాకీ ఉంటే పేరు మార్చకూడదన్న షరతు కూడా పెట్టాలనుకున్నాం. దీనికి మాత్రం పాత ఉదాహరణ ఉంది. రాన్ ఆర్టెస్ట్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు, 2004లో ప్రేక్షకుల మీదికి ఎగబడి కొట్లాడిన వాడు, 2011లో మెట్టా వరల్డ్ పీస్ అని పేరు పెట్టుకోబోతే పాత చలానాలు కట్టలేదని వాయిదా పడింది. చలానాలు కట్టి ప్రపంచశాంతి అయ్యాడు. మరుసటి ఏడాదే ఎదుటి జట్టు ఆటగాడి తలను మోచేత్తో పొడిచి ఏడు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. ఈ షరతు మా కమిటీలో చర్చకు రాగానే సభ్యుల్లో సగం మంది బండి తాళాలు జేబులో వేసుకుని లేచిపోయారు. దాంతో దాన్ని పక్కన పెట్టాం.

దరఖాస్తు ఫారం మాత్రం తయారైంది. ఆటగాళ్లు మూడు కాపీలు, ఫొటోలు, పాత జెర్సీ జత చేయాలి. మహిళా క్రీడాకారిణులకు ఫారం అక్కర్లేదు. టెన్నిస్‌లో మార్గరెట్ స్మిత్ పెళ్లయ్యాక మార్గరెట్ కోర్ట్ అయితే, బిల్లీ జీన్ మోఫిట్ పెళ్లయ్యాక బిల్లీ జీన్ కింగ్ అయితే, అభిమానులు స్కోరుబోర్డు చూసి కొత్త పేరుతో చప్పట్లు కొట్టారు. వాళ్ల విషయంలో మాకు ఎప్పుడూ అభ్యంతరం లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మినిట్స్ రాసిన సభ్యుడు అదే పూట మీసేవకు పోవాల్సి ఉంది, వాళ్లావిడ ఆధార్‌లో ఇంటిపేరు ఇంకా పుట్టింటిదే ఉందట.