ఊలు ఉండ మీద మీటర్లు రాయడానికి ఏం కష్టం?

కొత్త స్వెట్టర్ మొదలుపెడదామంటే అల్లడం కన్నా ఊలు ఎంచుకోవడమే పెద్ద టెన్షన్! పేరులో ఊలు అని పెద్ద అక్షరాలు, లేబుల్ వెనక్కి తిప్పితే నూటికి నూరు శాతం యాక్రిలిక్. పోనీ కొలతైనా సరిగ్గా చెబుతారా? 100 గ్రాములు అని రాసి ఊరుకుంటారు. సన్నటి సాక్స్ ఊలైతే 100 గ్రాములకు దాదాపు 400 మీటర్లు వస్తుంది, బాగా లావుదైతే 100 మీటర్లు కూడా రాకపోవచ్చు, మరి మీటర్లు రాయకపోతే ఎన్ని ఉండలు కొనాలో మాకెలా తెలియాలి?

ఇంక డై లాట్ నంబర్ సంగతి, అంటే ఒకే విడతలో రంగు వేసిన ఉండలన్నిటికీ ఇచ్చే నంబర్! అదే కంపెనీ, అదే రంగు, అయినా లాట్ మారితే ఛాయ మారిపోతుంది. ఉండలుగా ఉన్నప్పుడు తేడా కనబడదు, అల్లాక మాత్రం సరిగ్గా ఛాతీ మీద అడ్డంగా చార కనబడుతుంది. అంత ముఖ్యమైన నంబర్‌ని ఆన్‌లైన్‌లో చూపించరేం? ఒక ఉండ తగ్గి మళ్లీ ఆర్డర్ పెడితే ఏ లాట్ వస్తుందో దేవుడికే తెలియాలి. అడిగితే "రంగు అదేనండీ" అంటారు. అదే అయితే సగం అల్లిన స్వెట్టర్ పక్కన పెట్టి చూడండి మరి! వారాల తరబడి చేత్తో అల్లేవాళ్ల కష్టానికి ఇచ్చే విలువ ఇదా?